నాలుగు రాజధానుల్లో ఒకే చారు

నేను పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గానే రిటైరయ్యాను. ఇంకొకరు కట్టబోయే కల్వర్టుకి, బడి గదికి, మంచినీళ్ళ ట్యాంకుకి ముందుగా కాగితం మీద గీతలు గీయడం నా పని. మా చోడవరం నుంచి మాడుగుల వెళ్ళే బస్సు నేను గీసిన కల్వర్టుల మీంచే వెళుతుంది. ఆ సంగతి బస్సులో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. డైరీ అలవాటు ఉద్యోగంలో చేరిన ఏడాదే పట్టుకుంది. దీపాలు పెట్టే వేళకి కూర్చుని రాసేస్తాను. వాన పడితే పడిందని, పడకపోతే పడలేదని.

ఆ డైరీల చివరి పేజీల్లో మాత్రం ఆఫీసుతో సంబంధం లేనివి గీసుకునేవాణ్ణి. రాజులు ఏలిన రాజధానుల పటాలు. కోట ఎక్కడ, సింహద్వారం ఎటు, ఏరు ఎటు పారుతుంది, సంత ఏ వీధిలో. గ్రంథాలయంలో పుస్తకాల నుంచి, ఆదివారం పేపర్ల నుంచి, అటు వెళ్ళొచ్చినవాళ్ళ నోటి నుంచి ఏరుకున్న వివరాలు. కోట గుర్తు పక్కనే ఇంకో చిన్న గుర్తు పెట్టేవాణ్ణి. ఆ ఊళ్ళో పొద్దున్న ఏం తింటారు, ఎండ వేళ ఏం తాగుతారు, అవి ఎక్కడ దొరుకుతాయి. రాజులు పోయాక ఊళ్ళో నిజంగా మిగిలేది తిండి ఒక్కటేనని నా అభిప్రాయం. కోటకి సున్నం వేస్తారు, వీధికి పేరు మారుస్తారు. వీధి చివర బాణలిలో వేగేదాన్ని మార్చడం మాత్రం ఎవరి తరమూ కాదు.

సాయంత్రాలు ఆ పేజీలు మా ఆవిడకి చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. గోంగూర ఆకు తుంచుతూనో, చిక్కుళ్ళు ఈనెలు తీస్తూనో వినేది. ఆవిడది రోలుగుంట దగ్గర చెరుకు రైతుల కుటుంబం. బెల్లం గానుగ ఆడే రోజుల్లో పనివాళ్ళందరికీ పొలం దగ్గరే వంట. లంగా వోణీ వేసుకునే వయసు నుంచి ఆ పొయ్యి ఆవిడదే. పెళ్ళయ్యాక మా ఇంటి పొయ్యి. ఆవిడ చారుకి మా శాఖలో పేరుండేది. తనిఖీకొచ్చే ఇంజనీర్లు అటు కె.కోటపాడులో సైటు ఉన్నా, ఇటు మా ఇంటి మీదుగా వెళ్ళేవారు. పెళ్ళిళ్ళకి వెళ్తే కూడా ఆవిడని బంతిలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. వెనక వంటల దగ్గరికి తీసుకెళ్ళి, సాంబారులో ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పమనేవాళ్ళు.

నేను రిటైరయ్యాక ఒక సాయంత్రం ఆవిడే అంది.

"నన్ను కోటలెక్కించొద్దండి, మోకాళ్ళు ఒప్పుకోవు. మీరు సదివిన ఊళ్ళలో ఒక్క ఊళ్ళోనైనా నన్ను బల్లకాడ కూకోబెట్టండి. ఆ ఊరోళ్ళు తినేది, ఎవలో వొండింది, వేడిగా నా ముందర పెట్టించండి. అది సాలు."

ముప్పొద్దులా వండిన మనిషి నన్ను అడిగింది అదొక్కటే. పెద్ద కోరిక అని నాకు అప్పుడు అనిపించలేదు.

మా బావగారు ఢిల్లీ యాత్ర కాగితం పట్టుకుని వచ్చాడు. ఆవిడకి సొంత అన్నగారు. చెరుకు రైతు, నలుగురిలో మాట చెల్లే మనిషి. ఆ కాగితంలో ఢిల్లీ, ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ, జైపూర్ అని ఉంది. నాలుగూ రాజధానులే. కింద పెద్ద అక్షరాల్లో 'మన వంటవాళ్ళతో, మన భోజనం' అని ఉంది. మనవైపు యాత్రలు నడిపేవాళ్ళందరూ ముందు చెప్పేది అదే. ఏం చూపిస్తారన్నది తరవాతి మాట.

"బియ్యం, పప్పు, సింతపండు, ఆవకాయ అన్నీ మనతోటే వస్తాయి బావా. అక్కడి రొట్టెలు తిని కడుపు పాడుసేసుకోనక్కర్లేదు," అన్నాడు.

"మేం వెళ్ళాలనుకునేదే ఆ రొట్టెల కోసం బావగారూ."

బావ పడీపడీ నవ్వాడు. "ఏటమ్మా సెల్లీ, మీ ఆయన ఢిల్లీ ఎల్లి రొట్టెలు తింటాడంట. మనింట్లో అన్నానికి కరువొచ్చిందా?" అని, ఆవిడ వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "నువ్వూ రావాలి. వంటోడు వస్తన్నాడు. ఈ వారం పది రోజులూ గరిటె ముట్టుకున్నావంటే నామీద ఒట్టే."

ఆవిడ నా వైపు చూసింది. మాకు హిందీ రాదు. ఆవిడ మోకాళ్ళతో రైళ్ళు మారడం కష్టం. పదిమందితో వెళ్తే బస్సు గుమ్మం దగ్గర దింపుతుంది. పొద్దున్న పూట మేమిద్దరం విడిగా ఊళ్ళోకి వెళ్ళి తిని వస్తామని టూర్ మేనేజరుతో ముందే మాట్లాడాను. "దానికేం సార్, ఫ్రీ టైము చాలా ఉంటుంది," అన్నాడు. నాలుగు ఊళ్ళకి నాలుగు పటాలు కొత్తగా గీశాను. ఊరికొక్క చోటు.

బంధువులు, పక్క ఊళ్ళ రైతులు, నాలాంటి పెన్షనుదారులు కలిపి ఒక బస్సుడు జనం. ఢిల్లీ దాకా రైలు, అక్కడ నుంచి బస్సు. వంటాయన, ఆయన తమ్ముడు పెద్ద పెద్ద గిన్నెలు, గ్యాసు పొయ్యిలు బస్సు కింద సర్దారు. బియ్యం బస్తాలు మా బావ పొలంలోవి. మాడుగుల హల్వా డబ్బాలు చిరుతిండికి.

ఢిల్లీలో నేను గుర్తు పెట్టుకున్నది పాతబస్తీలో చలికాలం పొద్దున్న పూట మాత్రమే అమ్మే ఒక పాల నురుగు. పాలని మంచులో ఉంచి చిలికి, పైకి తేలిన నురుగుని తీసి, చక్కెర, కుంకుమపువ్వు వేసి దొన్నెలో పెట్టిస్తారు. ఎండ ఎక్కితే కరిగిపోతుంది. తెల్లవారి లేచి తయారై మేం గది బయటికి వచ్చేసరికి వరండా నిండా ఉప్మా వాసన. అందరూ శాలువాలు కప్పుకుని పళ్ళాలు పట్టుకుని వరసలో ఉన్నారు. టిఫిను అవగానే బస్సు కదులుతుందని మేనేజరు ఈల వేశాడు. ఫ్రీ టైము సంగతి అడిగితే, "ట్రాఫిక్కు సార్, ఢిల్లీ కదా," అన్నాడు.

ఎర్రకోట దగ్గర బస్సు ఆగాగి వెళ్తుండగా రోడ్డు పక్కన తోపుడు బండి మీద పల్చటి గుడ్డ కప్పిన పెద్ద పళ్ళెం కనిపించింది. దాని కింద తెల్లగా, మేఘం తెచ్చి కుప్ప పోసినట్టు ఉంది.

"అదేనాండి?" అంది ఆవిడ కిటికీలోంచి.

"అదే."

బస్సు మలుపు తిరిగిపోయింది. "పోనీలెండి, ఇంకా మూడూళ్ళు ఉన్నాయి కదా," అంది.

మధ్యాహ్నం బస్సులు నిలిపే చోట నేల మీద పట్టాలు పరిచారు. అన్నం, ముద్దపప్పు, చారు, ఆవకాయ. ఎదురుగా ఒకాయన ఇనపపెనం మీద బంగాళదుంప బిళ్ళలు వేయించుకుంటూ మమ్మల్ని చూస్తున్నాడు. మా వాళ్ళలో ఒక్కరూ అటు తిరగలేదు. బావ రెండో వాయి అన్నం కలుపుకుంటూ, "సూసేరా, ఢిల్లీ నడిబొడ్డున కూకొని మన అన్నం తింటన్నాం," అన్నాడు. ఢిల్లీని జయించినట్టు ఉంది ఆయన మొహం.

ఆగ్రా చేరిన సాయంత్రం మేనేజరు బస్సుని ఒక పేఠా కొట్టు దగ్గర ఆపాడు. బూడిద గుమ్మడికాయని పాకంలో ఉడకబెట్టి చేసే మిఠాయి. బావ ఒక ముక్క కొరికి, మిగతాది కాగితంలో చుట్టేశాడు. "గుమ్మడికాయని గుమ్మానికి కడతాం గానీ తింటామేటి? మాడుగులోళ్ళు సూస్తే నవ్విపోతారు." అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు పేఠా రుచి చూడలేదు. అప్పటికే ముందు నుంచి వెనక సీటు దాకా హల్వా డబ్బా తిరుగుతోంది.

ఆ సాయంత్రమే వంటాయనకి ఇంటి నుంచి ఫోను. తల్లికి సీరియస్. అన్నదమ్ములిద్దరూ అప్పటికప్పుడు స్టేషనుకి వెళ్ళిపోయారు. వాళ్ళని అనడానికి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నాకు లోలోపల సంతోషం వేసింది. ఇక ఈ బస్సుకి వేరే దారి లేదు, ఊరి తిండి తినాల్సిందే అనుకున్నాను.

మేం దిగిన ధర్మశాల హాల్లో అందరూ చేరారు. మేనేజరు హోటలు భోజనం ఏర్పాటు చేస్తానన్నాడు. పూరీ, కూర, పప్పు, అడిగితే అన్నం కూడా పెడతారన్నాడు.

"ఆవనూనెతో చేస్తారు, ఆ వాసన నేను పడలేను," అన్నారొకరు.

"ఆ బియ్యం ఏటి బియ్యం? మెతుక్కి మెతుక్కి సంబంధం ఉండదు."

"నాకు చారు నీళ్ళు లేపోతే ముద్ద దిగదు."

"ఇన్ని వందల మైళ్ళు వచ్చాం, రెండు రోజులు ఇక్కడివాళ్ళు తినేది తిందాం. వాళ్ళూ మనుషులే, బతికే ఉన్నారు," అన్నాను నేను. నేనేదో అపశకునం పలికినట్టు చూశారు అందరూ.

అప్పుడు బావ గొంతు సవరించుకున్నాడు. "మన సెల్లి ఉండగా మనకి దిగులేటి?"

అందరి మొహాలూ ఒక్కసారి ఆవిడ వైపు తిరిగాయి. పెళ్ళిళ్ళలో బంతి దగ్గర నుంచి వెనక్కి పిలిచేటప్పుడు తిరిగినట్టే.

"వారం పది రోజులు గరిటె ముట్టుకోనక్కర్లేదన్నారు బావగారూ," అన్నాను.

"రేపు ఒక్క పూటే బావా. పులిహోర కలిపేసి, ఇంత చారు పెట్టేస్తే సాలు. ఎల్లుండికి ఇంకో వంటోడిని తెస్తాడు మేనేజరు."

"నేనే చేద్దును వదినా, ఈ బీపీతోటి పొయ్యి వేడి నాకు పడదు కదా," అంది బావ భార్య.

మా ఆవిడ చీర కుచ్చిళ్ళు చూసుకుంటూ ఉంది. తరవాత నాతో మెల్లిగా, "ఒక్క పూటే కదండి. పెద్దోళ్ళు పస్తుంటే మనకి మాత్రం దిగుతాదా," అంది.

మర్నాడు తాజ్‌మహల్. తెల్లవారుతూ చూసి, తిరిగి వచ్చేటప్పుడు మినప్పిండి కూరి పూరీల్లా ఉబ్బించిన బేడాయీలు, ఘాటైన దుంపకూర, వేడి జిలేబీ తినాలని నా పటంలో ఉంది. ఆగ్రా వాళ్ళ పొద్దుటి టిఫిను అది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వంటగదిలోకి వచ్చి వంకాయలు తరిగి పెట్టారు. బస్సు హారను వినిపించగానే చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

"మీరు రండి బావా, సెల్లి వొండుకుంటాది," అన్నాడు బావ మెట్ల దగ్గర.

"ఫొటోల్లో చాలాసార్లు చూశాను," అన్నాను. ఉండిపోయి చింతపండు పిసికాను.

పులిహోర కలిపి, కందిపప్పు పొయ్యి మీద పెట్టాక, చేతులు ఆరబెట్టుకోవడానికి ఆవిడ మేడ మీదకి వచ్చింది. నేనూ వెళ్ళాను. చుట్టూ డాబాలు, డాబాల మీద నల్లటి నీళ్ళ ట్యాంకులు. రెండు ట్యాంకుల మధ్య మంచులో తెల్లగా, నిమ్మకాయంత గోపురం.

"అదేనాండి?"

"అదే."

కాసేపు చూసింది. "నీటుగా ఉంది," అంది. ఇంకొంచెం చూసి, "పప్పు పొంగిపోతాది," అంటూ దిగిపోయింది. మా ఆవిడ తాజ్‌మహల్ చూడటం అంతే.

తాజ్ చూసి వచ్చినవాళ్ళు పులిహోర తిని చాలా మెచ్చుకున్నారు. ఒక పెద్దాయనైతే, "ఆ పాలరాయి కన్నా ఈ పులిహోరే బాగుందమ్మా," అన్నాడు. మెచ్చుకోవడం అయ్యాక కొత్త వంటవాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. మేనేజరు అసలే ఎత్తలేదు. ఆయన మనిషి దొరికిన నిశ్చింతతో పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

ఫతేపూర్ సిక్రీ చక్రవర్తి కట్టించుకుని, కొన్నేళ్ళకే వదిలేసిన రాజధాని. నీళ్ళు చాలక వదిలేశారంటారు. ఎర్రరాతి మండపాలు నిన్ననే ఖాళీ చేసినట్టు ఉంటాయి. ఆవిడ అక్కడ బస్సు దిగగలిగింది. పొద్దున్నే వండి గిన్నెల్లో పెట్టేసింది గనక. గైడు అంతఃపురం పక్కన ఒక చిన్న రాతి గది చూపించి, రాణిగారి వంటిల్లు ఇదేనంటారని చెప్పాడు. గోడల మీద చెవి జూకాల్లాంటి చెక్కడాలు వరసలుగా ఉన్నాయి. ఆవిడ ఒక జూకా మీద వేలు పెట్టి చూస్తోంది.

"సెల్లీ, నీ ఆఫీసు వచ్చింది," అన్నాడు బావ.

నవ్వులే నవ్వులు. గైడుకి అర్థం కాకపోయినా అతనూ నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. వేలు మాత్రం తీసేసింది.

జైపూరు వచ్చిన సాయంత్రం నేను హాలు మధ్యలో నిలబడి చెప్పాను.

"రేపు మధ్యాహ్నం వంట లేదు బావగారూ. మేమిద్దరం ఊళ్ళోకి వెళ్తున్నాం. ఒక పూట అందరూ హోటల్లో తినండి."

"మరి సుగరున్నోళ్ళు ఏటైపోవాల? టైముకి నాలుగు మెతుకులు పడకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు."

"హోటల్లో అన్నం దొరుకుతుంది."

"ఆ అన్నం గొంతు దిగదు బావా."

"దిగకపోతే నీళ్ళు తాగండి."

బావ మొహం నల్లబడింది. నలుగురిలో ఆయనకి అలా ఎవరూ చెప్పి ఉండరు. వెనక నుంచి మా ఆవిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"మీరూరుకోండి. నేను బేగి లేచి వొండి ఇచ్చేస్తాను. అప్పుడు ఎల్దాం. రెండూ ఔతాయి."

రెండూ అవుతాయన్న మాట మీదే ఆవిడ బతుకంతా నడిచింది.

చీకటితో లేచి వండింది. అన్నం, పప్పు, చారు, బంగాళదుంప వేపుడు. మజ్జిగ కూడా చిలికి పెట్టి, చీర మార్చుకుని, పాపిట సరిచేసుకుని వచ్చింది. ఆ యాత్రలో ఇంకే రోజూ ఆవిడ అంత శ్రద్ధగా తయారవలేదు. ఆటోలో గులాబీరంగు వీధుల్లో వెళ్తుంటే, పటం నా చేతిలోంచి తీసుకుని తనే చూసింది. "ఇంకెంత దూరం?" అని మాటిమాటికీ అడిగింది.

పాత కోట గోడకి ఆనుకున్న భోజనశాల అది. నాలుగు బల్లలు. ఊరివాళ్ళే తింటున్నారు. ఆవిడని గోడ పక్కన కూర్చోబెట్టాను. తెల్లగడ్డం పెద్దాయన ఇత్తడి పళ్ళేలు తెచ్చాడు. నిప్పుల మీద కాల్చిన గోధుమపిండి ఉండలు, వాటిని మా కళ్ళముందే చేత్తో చితిపి వేడి నెయ్యి పోశాడు. పక్కన మసాలా పప్పు, చూర్మా అని, బెల్లం కలిపిన తీపి గోధుమపొడి. ఆవిరి ఆవిడ కళ్ళద్దాలకి పట్టింది. తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఎవరో వండింది. వేడిగా. ఆవిడ ముందర.

ఫోను మోగింది. బావ.

"సెల్లీ, మజ్జిగలోకి ఉప్పు ఎక్కడెట్టేవు?"

"పచ్చ సంచిలో, అన్నయ్యా. పోపుడబ్బా కింద."

"ఆవకాయ మూత రాటంలేదు."

"వేడినీళ్ళు పొయ్యండి మూత మీద."

ఫోను పక్కన పెట్టి ఒక ముక్క తుంచింది, పప్పులో ముంచింది, నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. ఇంకో ముక్క తుంచి, పళ్ళెంలోనే ఉంచేసింది.

"బాగాలేదా?"

"బాగుందండి. మంచి ఇంగువేసేరు."

"మరి తిను."

ఆవిడ పళ్ళెం వైపే చూస్తూ అంది. "తెల్లారకముందు నుంచీ పోపుల్లోనే ఉన్నాను కదా. ఆ వాసనకే కడుపు నిండిపోయింది. దిగటంలేదండి."

వండిన మనిషికి ఆకలుండదని మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళు లేరు. చివర్లో గిన్నె అడుగున మిగిలిన మజ్జిగ అన్నం రెండు ముద్దలు తిని లేస్తారు. ఆ తల్లికి తిండి ధ్యాసే లేదని, అన్నపూర్ణ అని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ లేని ఆకలిని అంత దూరం తీసుకెళ్ళి, అంత ఆశపడిన పళ్ళెం ముందు కూర్చోబెడితే ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను.

పళ్ళెం నా వైపు జరిపింది. "మీరు తినెయ్యండి. పారేస్తే ఆయన బాధపడతాడు."

రెండు పళ్ళేలూ నేనే తిన్నాను. రుచి ఎలా ఉందని ఎవరైనా అడిగితే చెప్పలేను. గడ్డం పెద్దాయన వచ్చి ఆవిడని హిందీలో ఏదో అడిగాడు. నచ్చలేదేమోనని కాబోలు. ఆవిడ రెండు చేతులూ జోడించి, తనకి వచ్చిన ఒక్క మాట అంది. "అచ్ఛా. అచ్ఛా."

బయట మట్టి కప్పుల్లో లస్సీ అమ్ముతున్నారు. రెండు గుక్కలు తాగి, మిగతాది నాకిచ్చి, ఖాళీ కప్పు కడిగి సంచిలో పెట్టుకుంది. జైపూరులో తనకోసం తీసుకున్నది అదొక్కటే. ఢిల్లీకి తిరిగి వచ్చే దారిలో ఎవరో ఆవకాయ టిన్ను తీసుకొచ్చి ఆ సంచి మీద పెట్టారు. కప్పు ముక్కలైంది.

ఇంటికి వచ్చాక యాత్ర కబుర్లు చోడవరం అంతా పాకాయి. పెళ్ళిళ్ళలో, పెద్దకర్మల్లో బావ అదే చెప్పేవాడు. "ఆగ్రాలో ఏటి తిన్నారు?" అని ఎవరైనా అడగాలి. "మా సెల్లి పులిహోర." "జైపూర్లో?" "మా సెల్లి చారు." అందరూ నవ్వేవారు. పక్కన కూర్చున్న మా ఆవిడ వైపు మెచ్చుకోలుగా చూసేవారు. నాలుగు రాజధానులు ఒక బస్సుడు జనానికి చూపిస్తే, వాళ్ళ నాలుక మీద మిగిలింది చోడవరం చారు. ఇంట్లో కూర్చున్నా దొరికేదే.

చెరుకు కోతలు అయ్యాక బావ మళ్ళీ వచ్చాడు. చేతిలో మాడుగుల హల్వా డబ్బా.

"సెల్లీ, ఈసారి హంపి, బిజాపూరు, మైసూరు. అన్నీ రాజధానులే, మీ ఆయనకిష్టం. వంటోడు అక్కర్లేదని మేనేజరుకి ముందే సెప్పేసేను."

"ఏం అన్నయ్యా?"

"నువ్వున్నావు కదా."

ఆవిడ కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, నిలబడే అంది. "నేను రాను."

"మోకాళ్ళనా? నువ్వసలు కోటల కాడికి నడవక్కర్లేదమ్మా. వంటకాడ కుర్చీ ఏసి కూకోబెడతాం."

ప్రేమగానే అన్నాడు. అదే నాకు మింగుడు పడలేదు.

"మోకాళ్ళు కాదు అన్నయ్యా. నేనొస్తే మీరు ఆ ఊరి తిండి తినరు. నన్నూ తిన్నివ్వరు."

బావ నా వైపు తిరిగాడు. "ఇవి మీ మాటలేనా బావా?"

"కావు."

"మా ఇంట్లో పుట్టిన ఆడగుంటకి ఇలగ మాటాడ్డం రాదు."

"గుంటప్పుడు రాలేదు," అంది ఆవిడ. "ఇప్పుడొచ్చింది."

బావ కాఫీ ముట్టుకోలేదు. హల్వా డబ్బా మాత్రం బల్ల మీదే వదిలేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత మా గడప తొక్కలేదు. ఒక పెళ్ళిలో మమ్మల్ని చూసి వేరే బంతిలో కూర్చున్నాడు. నన్ననుకుంటే పోయేది. చెల్లెలితో మాట్లాడటం మానేశాడు. ఆవిడకి ఇప్పుడు పుట్టిల్లంటే ఆయనొక్కడే.

కొత్త వంటవాణ్ణి పెట్టుకుని వాళ్ళు హంపి వెళ్ళొచ్చారు. వెళ్ళొచ్చినావిడ ఒకరు మా ఇంటికి వస్తే మా ఆవిడ అడిగింది. "అక్కడేటి తిన్నారు?"

"ఏటుంటాది పిన్నీ, అన్నం, పప్పు, చారు. నీ చారులా లేదనుకో. మీ అన్నయ్య రోజూ తిట్టుకుంటూనే తిన్నాడు."

ఆవిడ లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మొన్న ఒక సాయంత్రం నేను లక్నో పటం గీసి తెచ్చి ఆవిడ ముందు పరిచాను. గోమతి నది, దర్వాజాలు, పాత చౌకు బజారు. నవాబుల రాజధాని. ఒక మూల చిన్న గుర్తు.

"మనిద్దరమే వెళ్దాం," అన్నాను. "రిజర్వేషన్ చేయిస్తాను. గది తీసుకుందాం. గదిలో పొయ్యి ఉండదు. బస్సు ఉండదు. భాష రాకపోతే వేలు పెట్టి చూపిద్దాం."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పటం మీదకి వంగింది. చిన్న గుర్తు మీద వేలు పెట్టింది. "ఇక్కడేటి?"

"మీగడతో చేస్తారు. చలికాలంలోనే. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుందట."

"ఢిల్లీలో కిటికీలోంచి సూసేం, అలాటిదా?"

"అలాంటిదే."

కొంతసేపు ఆ గుర్తు మీద వేలు అలాగే ఉంచింది.

"ఇలాటి ఊళ్ళకి ఆకలున్నప్పుడు ఎల్లాలండి," అంది. "నాకు ఆకలుండే రోజుల్లో గానుగకాడ వొండేదాన్ని."

పటం మడిచి నా చేతికిచ్చి, లేచి వంటింట్లోకి నడిచింది. చారు పెట్టొద్దు, పెరుగు చాలు అన్నాను. వినిపించింది కూడా. అయినా పెట్టింది.